ఓటీపీ రాకపోతే ఎవరిని అడగాలి? – బ్యాంకులు, టెలికం కంపెనీలు, ప్రభుత్వ పోర్టళ్ల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. జగిత్యాల జిల్లాలోని ఒక మండల కేంద్రంలో ఆన్‌లైన్ సేవల దుకాణం నడుపుతున్నాను. పాన్ కార్డులు, పీఎఫ్ క్లెయిములు, విమానం టికెట్లు, మర్చిపోయిన నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డులు... ఊళ్లో ఎవరికి ఏది అర్థం కాకపోయినా మా కౌంటర్ దగ్గరికే వస్తారు. ఈమధ్య వచ్చేవాళ్లలో ఎక్కువమంది నోట ఒకటే మాట: "అన్నా, ఓటీపీ వస్తలేదు."

దీని మీద ఒక బ్యాంకు కస్టమర్ కేర్‌కు మెయిళ్లు పెట్టాను, బ్రాంచిలో కాగితం మీద రాసిచ్చాను, వాళ్ల పై ఆఫీసుకూ పంపాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఫోన్ రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి" అని జవాబొచ్చింది. నేనడిగిన ఒక్క ప్రశ్నకూ అందులో సమాధానం లేదు. బ్యాంకునడిగితే మేం పంపామంటుంది, సిమ్ కంపెనీనడిగితే మాకు రాలేదంటుంది. మధ్యలో ఖాతాదారుడు నలిగిపోతున్నాడు. అందుకే ఇలా అందరికీ కలిపి రాస్తున్నాను.

రెండంచెల భద్రత వద్దని నేను అనడం లేదు. కార్డుతో ఆన్‌లైన్‌లో కొనాలంటే రెండో ధ్రువీకరణ ఉండాల్సిందేనని రిజర్వు బ్యాంకు 2009లోనే పట్టుబట్టింది. అది మంచి పని. అది లేకుంటే మా ఊళ్లో ఎన్ని ఖాతాలు ఖాళీ అయ్యేవో. కానీ తలుపుకు రెండో తాళం వేసిన మీరు, అది పట్టేసిన రోజు ఇంటి యజమాని ఎవరిని పిలవాలో మాత్రం చెప్పలేదు.

స్క్రీన్ మీద మీరు చూపించే మాటలు చూడండి. "ఏదో పొరపాటు జరిగింది." "కొంతసేపటి తర్వాత ప్రయత్నించండి." "ధ్రువీకరణ విఫలమైంది." ఎందుకు విఫలమైంది? మా కౌంటర్ దగ్గర మేం రోజూ చూసే కారణాలు గట్టిగా లెక్కేస్తే ఆరేడు ఉంటాయి. అన్నీ మీకు తెలిసినవో, తెలుసుకోగలిగినవో.

మొదటిది సిమ్. మా జిల్లా నుంచి, నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు ఇంటికొకరున్నట్టే. అటు కడప, కోనసీమ నుంచి కువైట్ పోయినవాళ్లూ అంతే. ఖాతా తెరిచినప్పుడు అందరూ ఇక్కడి నంబరే ఇస్తారు. అక్కడికి పోయాక ఆ సిమ్ పెట్టె అడుగుకు పోతుంది. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు ఏ రకంగానూ వాడకుండా, అందులో 20 రూపాయల బ్యాలెన్స్ కూడా లేకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. ఆపేసిన నంబరును కొంతకాలం పక్కన పెట్టి తర్వాత ఇంకొకరికి ఇస్తారు. అప్పటినుంచి దుబాయిలో ఉన్నవాడి ఓటీపీ, వాడి ఖాతా మెసేజీలు ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్‌కు పోతుంటాయి.

ఇందులో నన్ను ఎక్కువ బాధించేది వేరే ఉంది. ఇలా రద్దయిన నంబర్ల జాబితాను టెలికం శాఖ బ్యాంకులకు అందుబాటులో పెట్టింది. దాన్ని చూసుకుని ఖాతాల్లోని నంబర్లు సరిచేసుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో చెప్పింది కూడా. అంటే నంబరు పోయిందని బ్యాంకుకు తెలిసే దారి ఉంది. సిమ్ కంపెనీకి ఎలాగూ తెలుసు. తెలియనిదల్లా ఆ నంబరు ఎవరిదో ఆ మనిషికే.

రెండోది కొత్త సిమ్. సిమ్ పోయిందనో పాడయిందనో అదే నంబరుతో కొత్తది తీసుకుంటే 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. దొంగలు మన నంబరు మీద సిమ్ తీసుకుని ఖాతా దోచకుండా టెలికం శాఖ 2022లో పెట్టిన నియమం ఇది. మంచి నియమమే. కానీ సిమ్ అమ్మే కుర్రాడు చెప్పడు, బ్యాంకు యాప్ చెప్పదు. ఆ 24 గంటల్లో మనిషి టెన్షన్‌తో మళ్లీ మళ్లీ ప్రయత్నించి ఖాతా లాక్ చేసుకుంటాడు.

మూడోది "రీసెండ్" బటన్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రాజధానుల్లో కూర్చుని యాప్ తయారుచేసేవాళ్లు మా ఊరి సిగ్నల్‌తో దాన్ని ఎప్పుడూ వాడి చూసి ఉండరు. ఓటీపీ అడుగుతాం. స్క్రీన్ మీద సెకన్లు తగ్గుతుంటాయి. సున్నా అవుతుంది. మెసేజ్ రాదు. రీసెండ్ నొక్కుతాం. మళ్లీ రాదు. ఇంకోసారి నొక్కుతాం. అప్పుడు టంగు టంగుమని మూడు మెసేజీలూ ఒకేసారి దిగుతాయి, అవీ వరుస తప్పి. మూడింట్లో చెల్లేది ఆఖరున పంపినది ఒక్కటే. అది ఏదో ఎలా తెలుస్తుంది? అన్ని మెసేజీలూ అచ్చం ఒకేలా ఉంటాయి. పైనున్నది కొడతాం, తప్పంటుంది. కిందది కొడతాం, తప్పంటుంది. మూడోది కొట్టేలోపు గడువు అయిపోతుంది, లేదా "మీ యూజర్ ఐడీ లాక్ అయింది" అని వస్తుంది. ఆ మనిషి కొట్టినవన్నీ మీరు పంపిన అంకెలే. అయినా మీ లెక్కలో మూడు తప్పులు చేసినవాడిగా మిగిలిపోయాడు.

నాలుగోది, లాగిన్ కోసం ఫోన్‌లో వేసుకునే ఆథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే కోడ్. ఆఫీసు ఉద్యోగాలు చేసే పిల్లలకు, ఇంటినుంచి పని చేసేవాళ్లకు ఇది ఎక్కువ. దీనికి సిగ్నల్ అక్కర్లేదు, కానీ ఫోన్‌లో టైమ్ సరిగ్గా ఉండాలి, ఎందుకంటే ఆ అంకెలు పుట్టేది గడియారం నుంచే. సౌదీ నుంచి సెలవు మీద వచ్చిన ఒక తమ్ముడు ఏ కోడ్ కొట్టినా తప్పు చూపిస్తోందని ఫోన్ పట్టుకొచ్చాడు. సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే టైమ్ జోన్ ఇంకా రియాద్‌దే ఉంది. గడియారం ముల్లు తిప్పినట్టు తనే రెండున్నర గంటలు ముందుకు జరుపుకున్నాడు. చూడ్డానికి మన టైమే. ఫోన్ లోపలి లెక్క మాత్రం మొత్తం తప్పింది. "ఆటోమేటిక్ టైమ్" ఆన్ చేస్తే నిమిషంలో పని అయిపోయింది. "మీ ఫోన్ టైమ్ సరిచూసుకోండి" అని కోడ్ తప్పైనచోటే ఒక్క ముక్క రాసి ఉంటే ఆ తమ్ముడు మా దుకాణం దాకా వచ్చేవాడే కాదు. ఫోన్ మార్చినప్పుడూ ఇదే తంటా. పాత ఫోన్‌లోని కోడ్ యాప్ కొత్త ఫోన్‌లోకి దానంతట అది అన్నిసార్లూ రాదు. పాతది అమ్మేశాక గానీ ఆ సంగతి తెలియదు.

మిగతావి చిన్నవి. ఫోన్ మెమరీ నిండిపోవడం, మెసేజ్ స్పామ్‌లో పడటం, రెండు సిమ్‌ల ఫోన్‌లో యూపీఐ యాప్ తప్పు సిమ్ నుంచి రిజిస్ట్రేషన్ మెసేజ్ పంపడం. ఇవి మేమే సరిచేసి పంపుతాం.

ఇక దీనివల్ల జనానికి జరుగుతున్నదేమిటో చెబుతాను.

1. సొంత డబ్బు సొంతానికి పనికి రావడం లేదు. కొడుకు మస్కట్‌లో, ఖాతాలో డబ్బు జగిత్యాలలో, కూతురు కౌన్సెలింగ్ ఫీజుకు ఆఖరు తేదీ ఈ సాయంత్రం. ఓటీపీ పోయేది చచ్చిపోయిన నంబరుకు. నంబరు మార్చాలంటే ఖాతాదారు స్వయంగా బ్రాంచికి రావాలంటారు. రెండేళ్లకోసారి సెలవు దొరికే మనిషి మొబైల్ నంబరు మార్చుకోవడానికి విమానం ఎక్కాలా? విదేశీ నంబర్లతో యూపీఐ వాడుకునే వీలు 2023లో 10 దేశాలవాళ్లకు ఇచ్చారు. సౌదీ, యూఏఈ, ఖతర్, ఒమన్ అందులో ఉన్నాయి. అప్పటి జాబితాలో కువైట్ లేదు. పైగా అది విదేశాల్లో ఉండేవాళ్ల కోసం బ్యాంకులు విడిగా తెరిచే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకే. కూలి పనికి పోయినవాళ్లలో ఆ ఖాతాల గురించి తెలిసినవాళ్లెందరో మీరే చెప్పండి.

2. బీడీ కార్మికుల పీఎఫ్. మా దగ్గర ఆడవాళ్లు చిన్నప్పటినుంచీ తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి పైసా పైసా పీఎఫ్‌లో వేసుకున్నవాళ్లు. క్లెయిమ్ పెట్టాలంటే ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆధార్ తీసుకున్న రోజుల్లో ఇంట్లో ఒకటే ఫోన్, అది భర్తదో కొడుకుదో. ఆ నంబరు ఇప్పుడు లేదు, లేదా షార్జాలో ఉంది. ఆధార్ కేంద్రానికి పోయి నంబరు మార్చుకుందామంటే వేలిముద్ర అడుగుతారు. ఏళ్లతరబడి ఆకు చుట్టిన వేళ్ల మీద గీతలు ఎక్కడ మిగులుతాయి? కనుపాప స్కాన్ కూడా ఉందని చాలామందికి తెలియదు, కొన్నిచోట్ల చెప్పరు కూడా. ఒక పెద్దావిడ బిడ్డ పెళ్లికి పీఎఫ్ తీసుకుందామని వచ్చి, ఓటీపీ దొరక్క, బంగారం కుదువబెట్టి పెళ్లి చేసింది. వడ్డీ ఆమే కడుతోంది.

3. మీరు ప్రతి మెసేజ్‌లోనూ "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అంటారు. ఇంగ్లిషులో అంటారు. అది చదవలేని మనిషి ఫోన్ నా చేతికిచ్చి "నువ్వే చూసి కొట్టు బిడ్డా" అంటుంది. నేను ఓటీపీ చూడకూడదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. వేరే దారి లేదు. అదే ఫోన్‌లో ఖాతాలో ఎంతుందో చెప్పే మెసేజీలూ కనబడతాయి. ప్రతి దుకాణంలోనూ మంచివాడే కూర్చుంటాడని మీకెవరు హామీ ఇచ్చారు?

4. నకిలీ కస్టమర్ కేర్. లాక్ పడ్డ మనిషి ఏం చేస్తాడు? నెట్‌లో బ్యాంకు పేరు కొట్టి నంబరు వెతుకుతాడు. అక్కడ కాచుకుని కూర్చున్నవాడు చక్కటి తెలుగులో మాట్లాడి, ఓపిగ్గా సమస్య విని, స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి ఉన్నదంతా ఊడ్చేస్తాడు. ఆ తర్వాత సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, పోలీసుల చుట్టూ తిరగాలి. ఒకటి గమనించండి. ఈ మోసంలో మొదటి మెట్టు దొంగది కాదు, మీ లాగిన్ పనిచేయకపోవడం. మీ హెల్ప్‌లైన్‌లో "1 నొక్కండి, 2 నొక్కండి" తప్ప మనిషి గొంతు దొరక్కపోవడం. దొంగ మాత్రం మొదటి రింగుకే ఎత్తుతాడు.

5. మోసం జరిగితే నష్టమెవరిదన్న లెక్క కూడా ఇక్కడే తారుమారవుతోంది. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక బయటివాళ్లదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి బాధ్యత ఉండదు. సమాచారం వెళ్లేది ఏ నంబరుకు? ఏడాది కిందటే వేరేవాళ్ల పాలైన నంబరుకు. మెసేజ్ పంపామని మీ రికార్డు చెబుతుంది. అందలేదని ఖాతాదారు ఎలా నిరూపించుకోవాలి?

6. ఓటీపీల కోసమే సిమ్ బతికించుకునే ఖర్చు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇంటికి మాట్లాడేది నెట్‌లో, ఆ నెట్ వాడేది అక్కడి సిమ్‌లో, ఇక్కడి సిమ్‌కు రీచార్జి మాత్రం తప్పదు. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్యాక్ ఇవ్వాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పిన తర్వాత అలాంటివి వచ్చాయి. అయినా అదీ ఖర్చే. సెక్యూరిటీ మీది, రీచార్జి మాది.

రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలు ఇచ్చింది. అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. డిజిటల్ చెల్లింపులకు రెండు వేర్వేరు ధ్రువీకరణలు ఉండాలని, రెండోది ఎస్సెమ్మెస్ ఓటీపీయే కానక్కర్లేదని అందులో ఉంది. నియమాలు పాటించకపోవడం వల్ల ఖాతాదారుకు నష్టం వస్తే బ్యాంకే పూర్తిగా భరించాలనీ ఉంది. పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్‌కు 2021 నుంచే ముఖం చూపిస్తే సరిపోతోంది. కాబట్టి వేరే దారి లేదనే మాట ఇక చెల్లదు. మేం అడుగుతున్నవి ఇవి:

1. ధ్రువీకరణ ఎందుకు విఫలమైందో స్క్రీన్ మీద చెప్పాలి, తెలుగులో చెప్పాలి. "మీ సిమ్ కొత్తది, రేపు ఈ టైముకు ప్రయత్నించండి." "మీరు కొట్టింది పాత ఓటీపీ." "మీ ఫోన్ టైమ్ తప్పు ఉంది." ఇలాంటివి చెబితే దొంగకు లాభమంటారేమో, దొంగకు ఇవన్నీ మనకంటే బాగా తెలుసు. బ్రాంచిలో బోర్డులు మూడు భాషల్లో పెట్టాలన్న నియమం ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు బ్రాంచి ఫోన్‌లోకి వచ్చింది, నియమం కూడా రావాలి.

2. ప్రతి ఓటీపీ మెసేజ్‌కు వరుస సంఖ్య వేయాలి, స్క్రీన్ మీద కూడా అదే సంఖ్య కనబడాలి. మీరే పంపిన పాత ఓటీపీని కొడితే దాన్ని తప్పు ప్రయత్నంగా లెక్కపెట్టకూడదు. ఇది ఖర్చుతో కూడిన పని కాదు.

3. ప్రతి ఖాతాకు కనీసం రెండు మార్గాలు ముందే నమోదు చేయించాలి. ఫోన్ కాల్‌లో తెలుగులో వినిపించే ఓటీపీ, ముఖ ధ్రువీకరణ, యాప్ కోడ్, ఏదైనా సరే. గూగుల్ తన ఖాతాదారులకు ఒక్కోటి ఒక్కసారే పనిచేసే 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. అలాంటి కాగితం బ్రాంచిలో పాస్‌బుక్‌తో పాటు చేతికిస్తే మా అవ్వలు బంగారంలా బీరువాలో దాచుకుంటారు.

4. విదేశాల్లో ఉన్నవాళ్లు నంబరు మార్చుకోవడానికి వీడియో ద్వారా వీలు కల్పించాలి. ఖాతా తెరవడానికే వీడియో కేవైసీని, అంటే వీడియో కాల్‌లో మనిషిని, గుర్తింపు పత్రాలను చూసి ధ్రువీకరించడాన్ని, రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఒప్పుకుంది. పాస్‌పోర్టు, అక్కడి నివాస కార్డు చూపించి, కావాలంటే కొన్ని రోజులు ఆగి నంబరు మార్చండి. ఆలస్యమైనా ఫర్వాలేదు, రాకపోకల ఖర్చు మాత్రం నెత్తిన పెట్టకండి.

5. రద్దయిన నంబర్ల జాబితాలో ఖాతాదారు నంబరు కనిపిస్తే ఆ రోజే దానికి ఓటీపీలు ఆపి, ఉత్తరం ద్వారానో ఈమెయిల్ ద్వారానో నామినీ ద్వారానో కబురు పెట్టాలి. టెలికం కంపెనీలు సిమ్ ఆపేముందు ఆ నంబరుకే మెసేజ్ పంపి చేతులు దులుపుకోవడం కాదు. ఇంకో నంబరు రాయించుకుని దానికి చెప్పాలి.

6. "ఓటీపీ రాలేదు" అన్నదాన్ని ఫిర్యాదుగా నమోదు చేసి నంబరు ఇవ్వాలి. ఇప్పుడు బ్రాంచిలో నోటిమాటగా చెప్పి పంపేస్తున్నారు. ఫిర్యాదు నంబరు ఉంటేనే కదా 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోగలిగేది, రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల నంబరు 14448కి ఫోన్ చేసినప్పుడు ఏదైనా చెప్పగలిగేది.

7. లాక్ పడిన స్క్రీన్ మీదే బ్యాంకు అసలైన హెల్ప్‌లైన్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. నెట్‌లో వెతికే పని లేకుండా చేయండి, చాలా మోసాలు అక్కడే ఆగిపోతాయి.

8. పీఎఫ్, ఆధార్ అధికారులకు విడిగా ఒకటి. బీడీ కార్మికులున్న మండలాల్లో క్యాంపులు పెట్టండి, ఆధార్‌లో నంబరు మార్పు, పీఎఫ్ వివరాల సవరణ రెండూ ఒకే చోట, ఒకే రోజు అయ్యేలా. కనుపాప మిషన్ తప్పకుండా తీసుకురండి.

జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశం మూడు నెలలకోసారి కలెక్టర్ గారి అధ్యక్షతన జరుగుతుంది. అప్పులు, డిపాజిట్ల లెక్కలతో పాటు, ఆ మూడు నెలల్లో జిల్లాలో ఎంతమందికి లాగిన్ లాక్ అయింది, ఎంతమందికి ఎన్ని రోజుల్లో తెరిచారు అన్న లెక్క కూడా ప్రతి బ్యాంకూ ఆ సమావేశంలో పెట్టాలని కోరుతున్నాను. ఈ లేఖ ప్రతిని జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరు గారికి, కలెక్టరేట్‌కు ఇస్తున్నాను. వచ్చే సమావేశం ఎజెండాలో ఇది ఉందో లేదో రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఒక ఆన్‌లైన్ సేవల కేంద్రం నిర్వాహకుడు,
జగిత్యాల జిల్లా